పంతులమ్మ చెర్రీ తోట

నేను పనిచేసే కంపెనీ మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఉంది. ఎరువులు, డ్రిప్ పైపులు, పళ్ళతోటలకు వాడే మందులు అమ్ముతాం. అమ్మడం నా పని కాదు. మందు కొన్న రైతు తోటకు వెళ్ళి, దాన్ని ఎప్పుడు, ఎంత, ఎలా వాడాలో చెప్పి రావడం నా పని. ఖర్జూరం, నిమ్మ, మామిడి, కూరగాయలు, వీటి చుట్టూనే నా రోజులు తిరిగేవి. అందుకే ఒకరోజు మా మేనేజరు పిలిచి, జబల్ అఖ్దర్ కొండ మీద ఒకావిడ చెర్రీ చెట్లు పెంచుతోంది, వెళ్ళి చూసి రమ్మన్నప్పుడు, సరిగ్గా విన్నానో లేదోనని మళ్ళీ అడిగాను.

చెర్రీకి చలి కావాలి. శీతాకాలమంతా చెట్టు చలిలో నిద్రపోతే తప్ప వసంతంలో మొగ్గ విప్పదు. ఒమన్ అనగానే ఎండ గుర్తొచ్చే మాకు ఆ చెట్టు ఇక్కడ బతుకుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ జబల్ అఖ్దర్ సంగతి వేరు. అంత ఎత్తున చలికాలంలో పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్ళ మీద మంచు పేరుకుంటుంది. అక్కడి కొండ అంచుల్లో మెట్లు మెట్లుగా కట్టిన మడుల్లో దానిమ్మ, పీచు, నేరేడు రంగు అంజూరం, గులాబీలు ఎప్పటినుంచో పండుతున్నాయి.

నిజానికి నేను అప్పటిదాకా చెర్రీ చెట్టును చూడలేదు. కడపలో మా చిన్నప్పుడు బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసేదాన్ని చెర్రీ అనేవాళ్ళం. అది పంచదార పాకంలో నానబెట్టి రంగు వేసిన వాక్కాయ అని ఉద్యానశాస్త్రం చదివేటప్పుడు తెలిసింది. చదువయ్యాక హైదరాబాద్ శివార్లలో ద్రాక్షతోటల్లో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ గింజలేని ద్రాక్షకు జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడేవాళ్ళం. చెట్టు తన ఒంట్లో తానే తయారుచేసుకునే పెరుగుదల పదార్థం అది. దాన్నే మనం సమయం చూసి చిటికెడు ఎక్కువగా అందిస్తాం. ఆడవాళ్ళు బారులు తీరి, మగ్గుల్లో ఆ నీళ్ళు పట్టుకుని, పసిగుత్తుల్ని ఒక్కొక్కటిగా ముంచి తీసేవాళ్ళు. ముంచని గుత్తి ద్రాక్ష మిరియాల్లా ఉంటే, ముంచిన గుత్తి సాగి, నిండి, వేళ్ళాడేది. చెర్రీకి కూడా అదే మందు వాడతారని పుస్తకంలో చదివాను. ఆ చదువుతోనే కొండెక్కాను.

మస్కట్ నుంచి రెండు గంటలు పోతే బిర్కత్ అల్ మౌజ్ వస్తుంది. అక్కడ పోలీసులు బండి ఆపి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్‌వీల్ బండా కాదా చూసి గాని కొండ మీదికి వదలరు. అక్కడినుంచి అంతా మెలికల ఘాట్. పైకి పోయే కొద్దీ ఏసీ కట్టేయాల్సి వచ్చింది. ఊరి మొదట్లో నాకోసం ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బండి నంబరు చూసుకుని దగ్గరికొచ్చి, నా మొహం కేసి చూసి, "మనోళ్ళేనా మేడం?" అన్నాడు.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. మొదట్లో మస్కట్‌లో బిల్డింగు సైట్ల మీద సెంట్రింగ్ పని చేశాడట. ఆ కంపెనీ మూతపడ్డాక ఎవరో చెబితే కొండ మీద తోటపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు దారి చూపిస్తూ తన యజమానురాలి గురించి చెప్పుకొచ్చాడు. గల్ఫ్‌లో ఇంటి ఆడమనిషిని పనివాళ్ళు పిలిచినట్టే ఆయనా ఆమెను మామా అంటాడు. ఊరంతా మాత్రం ముఅల్లిమా అంటారట, అంటే పంతులమ్మ. నిజ్వాలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాక ఆమె భర్తతో కలిసి సొంత ఊరికి వచ్చేసింది.

"ఒక్క మాట చెప్త మేడం," అన్నాడు. "మామా శానా అడుగుతది. మీరు పరేషాన్ కావద్దు."

ఆమె నన్ను మడి గట్టు మీద నిలబడే పలకరించింది. అరవై దాటిన మనిషి, సన్నగా, కళ్ళజోడుతో, పూలపూల గౌను మీద తలకు ముసుగు చుట్టుకుని ఉంది. చేతికి మట్టి ఉందని కరచాలనం చెయ్యకుండా మణికట్టు అందించింది. ఇంగ్లీషు నిదానంగా, ఒక్కొక్క మాటా ఏరుకుని మాట్లాడేది. మాట దొరకనప్పుడు అరబిక్‌లోకి పోయేది. నాకూ అర్థం కాకపోతే జగిత్యాల ఆయన హిందీ, తెలుగు కలిపి అందించేవాడు. మొదటి గంటలోనే నన్ను బింతీ అనడం మొదలుపెట్టింది. నా బిడ్డా అని దాని అర్థం.

ఆమె కథ చిన్నదే. కొండకు నీళ్ళు తెచ్చే ఫలజ్ కాలువ కొన్నేళ్ళుగా సన్నబడింది. పై మడిలో దానిమ్మ చెట్లు ఎండిపోయాయి. ఖాళీ పడిన ఆ మడిలో ఆమె డ్రిప్ పైపులు వేసి, చెర్రీ మొక్కలు తెప్పించి నాటింది. ఎందుకు చెర్రీయేనని అడిగితే, బడిలో పిల్లలకు శీతల దేశాల పంటల పాఠం చెప్పేటప్పుడల్లా, ఈ చలి మన కొండ మీద కూడా ఉంది కదా అనుకునేదాన్నని చెప్పింది. మొక్కలు బతికాయి. పూశాయి. కాశాయి కూడా. కానీ పండు చిన్నది, మెత్తది. పొద్దున కోసి కొండ దింపి నిజ్వా సంతకు చేర్చేసరికి సగం నలిగి నీరు కారేది. పక్క దుకాణంలో వేరే దేశాల నుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చిన చెర్రీలు రాళ్ళలా నిగనిగలాడేవి. జనం అవే కొనుక్కుపోయేవాళ్ళు. వాటి పక్కన తన పండు తలెత్తుకుని నిలబడాలి, ఆమెకు కావలసింది అంతే.

ఆమె భర్త కొంచెం దూరంలో చాప మీద కూర్చుని ఉన్నాడు. తెల్లటి గడ్డం, మోకాళ్ళ మీద చేతికర్ర. తాతల నాటి దానిమ్మ రైతు. ఆయన దృష్టిలో దానిమ్మ నేలలో చెర్రీ నాటడమే పిచ్చిపని, దానికి మస్కట్ నుంచి మందు తెప్పించడం అంతకు మించిన పిచ్చిపని. ఆ మాట ఆయన నాకు కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోస్తూ, ఖర్జూరాల పళ్ళెం నా వైపు జరుపుతూ, ఎంతో మర్యాదగా చెప్పాడు.

నేను మందు సంగతి మొదలుపెట్టగానే పంతులమ్మ ప్రశ్నలు మొదలయ్యాయి. ఇది విషమా, ఎరువా అని అడిగింది. రెండూ కాదు, చెట్టులో మామూలుగా ఉండేదే అన్నాను.

"చెట్టులో ఉండేదే అయితే, తనకెంత కావాలో అది తయారు చేసుకుంటుంది కదా. మనం ఇంకా ఇవ్వడం ఎందుకు?"

"చెట్టుకు కావలసింది గింజ. గింజ ముదిరితే చెట్టు పని అయిపోయినట్టే. మనకు కావలసింది గింజ మీది కండ."

ఆమె తల ఊపింది. ఎప్పుడు కొట్టాలని అడిగింది. పిందె పచ్చరంగు పోయి ఎండుగడ్డి రంగులోకి తిరిగేటప్పుడు, ఎరుపు ఇంకా రాకముందు, అని చెప్పాను. అప్పుడు పడితే పండు ఎర్రబడడం కొద్ది రోజులు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలోనే కండ గట్టిపడి, పండు ఇంకాస్త పెరుగుతుంది. దీనివల్ల నష్టమేమిటని ఆమె వెంటనే అడిగింది. సాధారణంగా రైతులు ఈ ప్రశ్న చివర అడుగుతారు, లేదా అసలు అడగరు. మోతాదు మించినా, చెట్టు నీరసంగా ఉన్నా, మరుసటి ఏడు పూత తగ్గవచ్చని చెప్పాను. అయినా వాడతారా అంది. చాలామంది వాడతారు, లాభం ఎక్కువ గనుక, అన్నాను.

ఇంకో చిక్కు వచ్చింది. మా దగ్గరున్న మందు పొడి. అది నీళ్ళలో తేలిగ్గా కలవదు, ముందు కాసింత ఆల్కహాల్‌లో కరిగించాలి. ఆ సంగతి దాచకుండా చెప్పాను. అది పండు మీద మిగలదు, ఆవిరైపోతుంది అని కూడా చెప్పాను. ఆమె మతం ఎత్తి నాకు పాఠం చెప్పలేదు. సంతలో ఎవరైనా అడిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సిన పండు నేను అమ్మను బింతీ, వేరే దారి ఉంటే చూడు, అంది. నీళ్ళలోనే కరిగే బిళ్ళలు దుబాయ్‌లో దొరుకుతాయని తెలుసు. తెప్పిస్తానన్నాను.

బిళ్ళలు వచ్చేలోపు ఆమె నాకు ఫోన్ చేసి ఇంకో మాట చెప్పింది. మందు ఏ చెట్లకు కొట్టాలి, ఏవి వదిలెయ్యాలి అని నేను గీసిచ్చిన పథకం ఆమెకు నచ్చలేదు. ఈ చెట్టుకు ఎండ ఎక్కువ, ఆ చెట్టు కాలువ పక్కన ఉంది, వాటిని పోల్చి ఏం తెలుసుకుంటాం, అని అడిగింది. ప్రతి చెట్టుకూ సగం కొడదాం, సగం వదిలేద్దాం. అప్పుడు అదే వేరు, అదే నీరు, అదే గాలి. తేడా అంటూ ఉంటే మందుదే అవుతుంది. ఫోన్ పెట్టేశాక నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సగం చెట్టుకు కొట్టమని అడిగిన రైతు నాకు తగల్లేదు. అందరూ చెట్టంతా కొట్టి, కాపు బాగుంటే మందును పొగిడి, బాగాలేకపోతే నన్ను తిట్టేవాళ్ళే.

కొండ మీద గులాబీలు కోసి, పన్నీరు కాచే రోజులవి. ఇళ్ళన్నీ ఆ వాసన నిండి ఉన్నాయి. పిందెలు గడ్డి రంగుకు వచ్చాయని కబురు రాగానే ముందురోజు సాయంత్రమే వెళ్ళి ఆమె ఇంట్లోనే పడుకున్నాను. తెల్లవారి చల్లగా ఉండగానే మొదలుపెట్టాం. ఫలజ్ నీళ్ళలో పరీక్ష కాగితం ముంచి చూస్తే క్షారం ఎక్కువ ఉంది. అలాంటి నీళ్ళలో మందు త్వరగా చెడిపోతుంది. పుల్లటిదేదైనా కలపాలి అంటే ఆమె లోపలికి వెళ్ళి ఒక బుట్ట నిమ్మకాయలు తెచ్చింది. కింది ఊళ్ళో వాళ్ళ అక్క తోటలోవట. పిండుకుంటూ, కాగితం ముంచుకుంటూ, రంగు సరిపోయేదాకా కలిపాం.

సగం చెట్టుకు కొట్టడం చెప్పినంత తేలిక కాదు. గాలికి తుంపర అవతలికి పోతుంది. అందుకని ఒక్కొక్క చెట్టుకు నడుమ పెద్ద ప్లాస్టిక్ పట్టా అడ్డం పట్టుకున్నాం. ఒక అంచు పంతులమ్మ, ఒక అంచు నేను. మూతికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని జగిత్యాల ఆయన పంపు వీపున తగిలించుకున్నాడు.

"మేడం, గీ మందు నా మీద పడితె నేను గూడ పెద్దగైతనా?" అన్నాడు మాస్కు లోపల్నుంచి.

నేను నవ్వితే పంతులమ్మ ఏమిటని అడిగింది. తర్జుమా చేసి చెప్పాను. ఆమె పట్టా వదలకుండానే నవ్వి, ముందు పొట్ట తగ్గించే మందు అడగమను, అంది. మందు కొట్టిన వైపు కొమ్మలకు ఆమె పాత ముసుగు చింపిన ఎర్ర గుడ్డపీలికలు కట్టింది.

తర్వాత మూడో వారానికి తేడా కళ్ళకు కనపడింది, కానీ అనుకున్న వైపు నుంచి కాదు. పీలికలు లేని వైపు పళ్ళు ఎర్రబడ్డాయి. పీలికలున్న వైపు ఇంకా లేత పసుపులోనే ఉన్నాయి. పిట్టలు ఎర్రటి వైపు వాలడం మొదలుపెట్టాయి. పెద్దాయనకు మంచి మాట దొరికింది. మస్కట్ మందు చెట్టుకు బద్ధకం నేర్పింది అని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పాడట. ఆ మాట పంతులమ్మే నాకు ఫోన్‌లో చెప్పి నవ్వింది.

మందు కొట్టని వైపు పళ్ళు చాలావరకు కోసేశారు. కొన్ని కొమ్మల మీద ఇంకా మిగిలి ఉన్నాయి. కొట్టిన వైపు పళ్ళు అప్పుడప్పుడే ఎరుపెక్కుతున్న రోజున నేను చూడ్డానికి వెళ్ళాను. పొద్దున ఆకాశం శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం దాటేసరికి కొండ వెనక నుంచి నల్లగా మబ్బు లేచింది. గాలి ఒక్కసారిగా చల్లబడింది.

"రాళ్ళవాన పడేటట్టున్నది మేడం," అన్నాడు జగిత్యాల ఆయన. ఆ కొండ మీద వసంతంలో వడగళ్ళు పడడం ఆయన చాలాసార్లు చూశాడు. ఒక ఏడాది పీచుకాయలన్నీ ఒక్క పూటలో రాలిపోయాయట.

నేను పంతులమ్మ వైపు చూశాను. ఆమె పండు ఒకటి కోసి చూస్తోంది.

"ఇప్పుడే కోసేస్తే ఇంట్లో పండుతుందా?"

"పండదు. చెర్రీ ఎలా కోస్తే అలాగే ఉంటుంది. కోశాక తీపి ఎక్కదు."

"అయితే కొయ్యను. కప్పుదాం."

ఆ మాట అని ఆమె ఇంటివైపు వెళ్ళిన వేగం నాకు ఇప్పటికీ గుర్తే. అరవై దాటిన మనిషి ఆ రాతిమెట్లు ఎక్కుతుంటే నేను వెనకపడిపోయాను. మంచాల మీది దుప్పట్లు, చలికాలపు కంబళ్ళు, కిటికీ తెరలు, ఏది దొరికితే అది గుట్టగా నా చేతుల్లో వేసింది. చెట్లు మనిషికంటే కొంచెమే ఎత్తు. నాలుగు పక్కలా కర్రలు ఆనించి, పైన కంబళి పరిచి, తాళ్ళతో కట్టుకుంటూ పోయాం. జగిత్యాల ఆయన తన రూమ్‌లోంచి తన కంబళి కూడా తెచ్చాడు. అది చూసి పక్క మడిలో గులాబీలు ఏరుతున్న ఆడవాళ్ళు పని ఆపి, వాళ్ళిళ్ళకు పరిగెత్తి మరికొన్ని పట్టుకొచ్చారు.

కంబళ్ళు అయిపోయాయి. ఇంకా కొన్ని చెట్లు మిగిలి ఉన్నాయి. అప్పుడు పెద్దాయన వస్తూ కనపడ్డాడు. మగవాళ్ళు వచ్చి కూర్చునే మజ్లిస్ గదిలోని పెద్ద తివాచీని చుట్టి, ఒక కొస భుజాన వేసుకుని, రెండో కొస నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాడు. చేతికర్ర లేదు. పంతులమ్మ ఎదురెళ్ళింది. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని ఆ తివాచీని కాలువ పక్క చెట్టు మీద కప్పారు.

వడగళ్ళు పడ్డాయి. మేమంతా ఇంటి వసారాలో నిలబడి చూశాం. శనగల్లా మొదలై కుంకుడుకాయలంత అయ్యాయి. రేకుల మీద ఆ మోతకు మాట వినపడలేదు. పంతులమ్మ చేతులు కట్టుకుని కదలకుండా చూస్తూ ఉంది. పెదవులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి. కాసేపటికి వడగళ్ళు ఆగి, ఉత్త వాన పడింది. అదీ ఆగాక వెళ్ళి కంబళ్ళు ఎత్తాం. వాటి మీంచి మంచు జలజలా జారింది. కప్పలేకపోయిన రెండు చెట్ల కింద నేల ఎర్రగా అయిపోయింది. మిగతావి నిలబడ్డాయి. నీళ్ళు కంబళ్ళలోంచి దిగి పళ్ళన్నీ తడిశాయి. పీలికలు లేని వైపు మిగిలిన పండ్లు చాలావాటికి తొక్క చిట్లింది. పీలికలున్న వైపు పళ్ళు చిట్లలేదు.

నాకు సంతోషం ఆగలేదు. చూశారా అన్నాను. ఆమె రెండు వైపులా తిరిగి, రెండు రకాలూ అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇది మందు గట్టితనమా, ఇంకా పండకపోవడం వల్ల వచ్చిన గట్టితనమా?"

ఇప్పుడైతే విడదీసి చెప్పలేమన్నాను.

"అయితే దీన్ని మందు ఖాతాలో వెయ్యొద్దు. పండాక చూద్దాం," అంది.

పండాక చూశాం. వారం తిరిగేసరికి పీలికల వైపు పళ్ళు ముదురు ఎరుపుకు వచ్చాయి. రసం చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూసే గొట్టంతో తీపి కొలిచాను. అవతలి వైపు చిట్లకుండా మిగిలిన పండుకూ దీనికీ తీపిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరిమాణంలో ఉంది. గట్టితనంలో ఇంకా ఉంది. వేళ్ళ మధ్య నొక్కితే ఎదురు నొక్కినట్టుండేది. తొడిమ పచ్చగా ఉంది. పంతులమ్మ ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, గింజ చేతిలోకి తీసుకుని, బాగుంది అని ఒక్క మాట అంది. జగిత్యాల ఆయనకు మాత్రం నచ్చలేదు. రేగుపండే నయం మేడం, దానికి పులుపన్న ఉంటది, అన్నాడు.

శుక్రవారం నిజ్వా సంత. ఆ రోజు మా ఆయన్నీ మా అమ్మాయినీ కూడా మస్కట్‌లో మేముండే వాడీ కబీర్ నుంచి బయలుదేరదీశాను. మేం వెళ్ళేసరికి పంతులమ్మ పళ్ళ వరసలో మగవాళ్ళ మధ్య నిలబడి ఉంది. కొండ దిగిన పళ్ళు బుట్టల్లో ద్రాక్షాకుల మీద పోసి ఉన్నాయి. నలిగింది ఒక్కటీ కనపడలేదు. పక్క దుకాణంలో ప్లాస్టిక్ డబ్బాల చెర్రీలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఒకాయన ఆగి, పండు తీసి నొక్కి చూసి, ఏ దేశానివి అని అడిగాడు.

"పైనుంచి," అని ఆమె కొండ వైపు చూపించింది.

ఆయన నమ్మలేదు. మళ్ళీ అడిగాడు. ఈసారి పంతులమ్మ నోరు తెరవకముందే వెనకనుంచి పెద్దాయన అందుకున్నాడు. మా తోటవి, మా మడిలోవి, వడగళ్ళు పడితే తివాచీ కప్పి కాపాడుకున్నవి, అని అక్కడున్న నలుగురికీ వినపడేలా చెప్పాడు. పంతులమ్మ నా వైపు చూసి ముసుగు అంచుతో నోరు కప్పుకుంది. మా ఆయన ఒక పండు నోట్లో వేసుకుని, "కడపలో కేకు మీద తిన్నెది దీని పేరు చెప్పుకోని బతికిందా?" అన్నాడు. బుట్టలు మధ్యాహ్నం నమాజుకు ముందే ఖాళీ అయ్యాయి.

కథ అక్కడ ఆగిపోయి ఉంటే మా మేనేజరుకు చాలా బాగుండేది. మరుసటి వసంతంలో పంతులమ్మ ఫోన్ చేసింది. రమ్మంది, ఎందుకో చెప్పలేదు. వెళ్ళి చూస్తే చెట్లు పూశాయి. పీలికలు లేని వైపు తెల్లగా, కొమ్మ కనపడకుండా పూశాయి. పీలికలున్న వైపు అక్కడక్కడా. కాలువ పక్క బలమైన చెట్లకు తేడా తక్కువే. ఎండ వైపు నీరసంగా ఉన్న చెట్లకు మాత్రం సగానికి సగం పూత లేదు. ఆమె కోపంగా ఉంటుందనుకున్నాను.

"నువ్వు ముందే చెప్పావు బింతీ," అంది. "చెప్పినప్పుడు విన్నాను. ఇప్పుడు చూశాను. అంతే."

ఆ రోజంతా ఇద్దరం చెట్టు చెట్టుకూ తిరిగాం. ఏ చెట్టుకు మళ్ళీ కొట్టాలి, ఏ చెట్టుకు ఈ ఏడు కొట్టకుండా నీళ్ళూ ఎరువూ ఇచ్చి కోలుకోనివ్వాలి, మోతాదు ఎంత తగ్గించాలి, ఇదే మాట్లాడుకున్నాం. నాకు తెలిసింది నేను చెప్పాను. తన చెట్ల సంగతి ఆమె చెప్పింది. రెండూ కలిపి ఒక నిర్ణయానికి వచ్చాం. బలమైన చెట్లకే, తక్కువ మోతాదులో, అదీ ఏడు విడిచి ఏడు.

అదే వేసవిలో మా కంపెనీ నిజ్వాలో ఒక హోటల్ హాల్లో రైతుల మీటింగ్ పెట్టింది. పంతులమ్మ వచ్చి తన చెర్రీల గురించి మాట్లాడితే బాగుంటుందని మేనేజరు ఆశ. ఆమె ఒప్పుకుంది. అప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచి, పండు గురించి చెబితే చాలు, పూత గొడవ ఎందుకని ఆమెకు ఒక మాట చెప్పమన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. సరుకు అమ్ముడుపోవాలి, ఆయన బాధ అది. నేను ఉన్నదున్నట్టు ఆ మాట పంతులమ్మకు ఫోన్‌లో చేరవేశాను. నీ ఉద్యోగానికి ఇబ్బందా అని అడిగింది. లేదన్నాను. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

"పిల్లలకు నేనెప్పుడూ సగం పాఠం చెప్పలేదు బింతీ," అంది.

మీటింగులో ఆమె మైకు తీసుకోలేదు. బడి గొంతు అది, హాలంతా వినపడింది. ఒక చేత్తో పెద్ద పండు ఫోటో, ఇంకో చేత్తో పూత లేని కొమ్మ ఫోటో పట్టుకుంది. రెండూ ఒకే చెట్టువి, ఒకే మందువి, అని మొదలుపెట్టింది. ఎప్పుడు కొట్టాలో, ఎందుకు కొట్టాలో, ఏ చెట్టుకు కొట్టకూడదో చెప్పింది. వడగళ్ళ రోజు గురించి చెబుతూ, అప్పుడు కాపాడింది మందని నేను చెప్పలేను, కంబళ్ళని మాత్రం చెప్పగలను, అంది. హాల్లో నవ్వులు లేచాయి. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, తివాచీ కూడా అని సవరించాడు.

మా మేనేజరు మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. కానీ ఆమె కూర్చున్నాక రైతులు లేచి అడిగిన ప్రశ్నలు నేను మునుపు ఏ మీటింగులోనూ వినలేదు. ఊరికే ఎంతకిస్తారు అని కాదు. మా నీళ్ళలో క్షారం ఎంతుందో ఎలా చూసుకోవాలి, మా ద్రాక్షకు ఇదే సమయమా, చెట్టు నీరసంగా ఉందని ఎలా గుర్తుపట్టాలి, ఇలాంటివి. తోటకు వచ్చి చూడమని చాలామంది పేర్లిచ్చారు. తిరుగుదారిలో సమాయిల్ ఊరు దాటాక మేనేజరు, ఇకనుంచి మన మీటింగుల్లో నష్టం సంగతి కూడా మనమే చెప్పేద్దాం, వేరేవాళ్ళు చెప్పేదాకా ఎందుకు, అన్నాడు. అది ఆయనకు తోచిన పద్ధతిలో పంతులమ్మను మెచ్చుకోవడమే అని నాకనిపించింది.

ఆ తర్వాత నేను చాలా తోటలు తిరిగాను. కొట్టేముందు నష్టమేమిటి అని ఎవరూ అడక్కపోయినా నేనే చెబుతున్నాను. కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనివాళ్ళు మాత్రం శ్రద్ధగా వాడతారు.

మొన్న వసంతంలో మళ్ళీ కొండెక్కాను. ఈసారి కంపెనీ పని మీద కాదు, ఆమె పిలిస్తే వెళ్ళాను. వడగళ్ళ రోజు కంబళ్ళు తెచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళలో కొందరు తమ మడుల్లో కూడా చెర్రీ నాటారట. వాళ్ళ చెట్లు ఆ ఏడు మొదటిసారి కాశాయి. పంతులమ్మ వాళ్ళందరినీ తన తోటలో పోగుచేసి, మూడు పిందెలు అరచేతిలో పెట్టుకుని చూపిస్తోంది. ఒకటి పచ్చగా, ఒకటి గడ్డి రంగులో, ఒకటి అప్పుడే ఎరుపు మొదలై. మూడింటిలో ఏది సరైన సమయమో ఒక్కొక్కరినీ అడుగుతోంది. తప్పు చెప్పినవాళ్ళను ఇంకోసారి చూడమంటోంది.

నేను గట్టు మీద పెద్దాయన పక్కన కూర్చుని కహ్వా తాగుతూ విన్నాను. ఒకామె నా వైపు తిరిగి, ఎన్ని రోజులు ఆలస్యమవుతుంది ఇంజనీరమ్మా అని అడిగింది. వ్యవసాయం చదివినవాళ్ళను ఇక్కడ ఇంజనీర్లనే అంటారు. నేను చెప్పబోయి, ఆగి, మీ ముఅల్లిమాను అడగండి అన్నాను. పంతులమ్మ ఆ పిందెల్ని అడిగినామె చేతిలో పెట్టి, మీ మడికి ఎండ ఎటు నుంచి పడుతుందో ముందు అది చెప్పు, అంటూ మొదలుపెట్టింది.